నకాషీ పటం చుట్టగానే పగిలిపోతోంది: బట్ట పూత, బంక, రంగుల గురించి సలహా కావాలి

డ్రాయింగు మాస్టారు (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక ఉన్నత పాఠశాలలో చిత్రలేఖనం చెబుతున్నాను. ఈ ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలతో కలిసి చెరియాల నకాషీ పద్ధతిలో (తెలంగాణలోని చెరియాలలో నకాషీ కళాకారులు పొడవాటి బట్ట మీద కథను గడులుగా వేసే పద్ధతి) మా ఊరి చెరువు కథను పటంగా వేద్దామని పూనుకున్నాం. చెరువు తవ్వడం, తూము పెట్టడం, అలుగు పారడం, బతుకమ్మలు వదలడం ఇలా 8 గడులుగా విడగొట్టి, 12 అడుగుల పొడవున్న కోరా బట్ట మీద బొమ్మలు వేశాం. చాక్ పొడిని వడ్రంగులు వాడే తెల్ల జిగురులో కలిపి, వెడల్పాటి బ్రష్షుతో రెండు మందపాటి పూతలు పూసి, దాని మీద పోస్టర్ రంగులు వాడాం. గోడకు కట్టినంత కాలం పటం చాలా బాగుంది.

ఆ తరువాత దాన్ని ఒక కర్రకు బిగుతుగా చుట్టి బీరువాలో పెట్టాను. వారం రోజులకు తల్లిదండ్రుల సమావేశంలో విప్పితే, ప్రతి రెండు మూడు అంగుళాలకూ అడ్డంగా నెర్రెలు కనిపించాయి. ఎర్ర నేపథ్యం గోరంత ముక్కలుగా ఊడి కింద రాలింది. బతుకమ్మ గడి వేసిన పాప ఆ ముక్కలన్నీ ఏరి కాగితంలో పొట్లం కట్టి, మళ్ళీ అతికించవచ్చేమో అడిగింది. ఆ పొట్లం ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉంది.

నా సందేహాలు ఇవి. అసలు నకాషీ వారు బట్టను ఎలా సిద్ధం చేస్తారు? బడిలో అందుబాటులో ఉండే సరుకులతో అది సాధ్యమేనా? అక్రిలిక్ రంగులు వాడితే ఈ బాధ ఉండదని ఒక మిత్రుడు చెప్పారు, అలా వాడితే దాన్ని నకాషీ పటం అనవచ్చా? దయచేసి తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

సుద్దముక్క

మాస్టారూ, నమస్కారం. నేను రెండు వేసవులు ఒక నకాషీ కుటుంబంలో కూర్చుని పని నేర్చుకున్నాను. నేను ఆ కులవృత్తిలో పుట్టినవాణ్ణి కాదు కాబట్టి, చూసినదీ చేతితో చేసినదీ మాత్రమే చెబుతాను.

మీ పటానికి దెబ్బ తగిలింది రంగు దగ్గర కాదు, పూత దగ్గర అని నాకు అనిపిస్తోంది. చెరియాల పటంలో సగం పని బొమ్మ మొదలు పెట్టకముందే అయిపోతుంది. నేత ఖద్దరు బట్ట తీసుకుని, దానికి బియ్యపు గంజి, తెల్లసుద్ద, చింతగింజల జిగురు, బంక నీళ్ళు కలిపిన పూతను మూడుసార్లు పూస్తారు. ఒక్కో పూత పూర్తిగా ఆరిన తరువాతే రెండోది. ఇందులో ప్రతి సరుకుకూ ఒక పని ఉంది. గంజి బట్టలోని దారాల సందులను మూస్తుంది. సుద్ద తెల్లదనాన్నీ, రంగును పీల్చుకునే గుణాన్నీ ఇస్తుంది. చింతగింజల జిగురు ఆ సుద్దను బట్టకు పట్టి ఉంచుతూనే కొంచెం వంగనిస్తుంది. బంక ఒక్కటే ఎక్కువైతే పూత గాజులా గట్టిపడి, వంచగానే విరుగుతుంది. సుద్ద ఎక్కువైతే వేలికి పొడిగా అంటుతుంది.

జిగురు తయారీ కష్టం కాదు గాని ఓపిక కావాలి. చింతగింజలను (కోస్తా వాళ్ళు చింతపిక్కలంటారు) దోరగా వేయించి, రోట్లో తొక్కి పైపొట్టు తీసి, లోపలి తెల్లపప్పును రాత్రంతా నానబెట్టాలి. తెల్లవారి మెత్తగా రుబ్బి, నీళ్ళు పోసి, సన్నని మంట మీద కలుపుతూ ఉడికిస్తే అంబలిలా చిక్కబడుతుంది. దాన్ని పలుచని గుడ్డలో వడకట్టి తీరాలి, వడకట్టకపోతే పలుకులు పూతలో మిగిలిపోయి, కుంచె వాటికి తగిలినప్పుడల్లా గీత ఎగిరిపడుతుంది. నేను మొదటిసారి ఆ పని బద్ధకించి, ఒక గుర్రం మెడ మీద గీతను నాలుగుసార్లు పాడు చేశాను.

కొలత అడిగితే ఆ ఇంటి పెద్దాయన గ్లాసుల్లోనో గ్రాముల్లోనో చెప్పలేదు. మొదటి పూత మజ్జిగలా ఉండాలి, రెండోది దానికంటే కాస్త చిక్కగా, మూడోదీ దోసె పిండి అంత చిక్కగా మాత్రం కాకూడదు అన్నారు. మీరు రెండే పూతలు మందంగా పూశామని రాశారు కదా, ఆ మందమే చేటు. మూడూ కలిపి చూసినా బట్ట నేత కనీకనపడకుండా కనిపించాలి. ఆరిన బట్టను అరచేతి మీద వేసుకుని వంచితే తోలులా వంగాలి, అప్పడంలా చప్పుడు చేయకూడదు.

బొమ్మ వేసే వరుస కూడా ఈ పూతను బట్టే వస్తుంది. ముందు కుంచెతోనే పలుచగా ఆకారాలు గీసుకుంటారు. తరువాత ఆకారాల చుట్టూ ఎర్ర నేపథ్యం నింపుతారు. ఆ తరువాత ఒంటి రంగులు, బట్టల రంగులు. అన్నిటికంటే చివర నల్లని గీత, దాని మీద తెల్లని, పసుపుపచ్చని చుక్కలతో నగలు. ఇవన్నీ మట్టి, రాయి నూరి బంకలో కలిపిన అపారదర్శకమైన రంగులు కాబట్టే, ఎరుపు పక్కన నీలం, నలుపు మీద తెలుపు నిలబడతాయి. వెలుగునీడలు లేవని, మనుషులందరూ పక్కకు తిరిగి ఉంటారని కొందరు ఆ బొమ్మలను మొరటువి అంటూ ఉంటారు, అది నాకు బాధ కలిగించే మాట. రాత్రిపూట కాగడా వెలుతురులో, ఇరవై అడుగుల దూరంలో కూర్చున్నవాడికి కథ అందాలంటే ఎర్ర నేల మీద గట్టి గీత తప్ప మరో దారి లేదు. పటం చూసేవాడి ముందు కథ చెప్పే కులాలైన కాకిపడగల వారో, కూనపులి వారో, డక్కలి వారో నిలబడి పాడుతూ, కర్రతో గడిని చూపిస్తూ పోతారు. మార్కండేయ పురాణం పద్మశాలీలకు, జాంబ పురాణం మాదిగలకు, మడేలు పురాణం చాకలివారికి ఇలా ఒక్కో కులానికి ఒక్కో కథ, దానికో పటం. మూడడుగుల వెడల్పు, ముప్ఫై నలభై అడుగుల పైచిలుకు పొడవున్న ఆ బట్టను ఏళ్ళ తరబడి రోజూ చుట్టాలి, విప్పాలి. ఆ అవసరమే ఈ పూతను ఇలా తీర్చిదిద్దింది.

రంగులపెట్టె

సుద్దముక్క గారు రాసినది చాలా విలువైన సమాచారం. అయితే అక్రిలిక్ విషయంలో మాస్టారు అడిగిన ప్రశ్నకు ఒక మాట చెప్పాలి. నేడు చెరియాలలోనూ, హైదరాబాదులోనూ ఈ పని చేస్తున్న కళాకారులు చాలా వరకు కొనుక్కున్న రంగులే వాడుతున్నారు. రాళ్ళు తెచ్చి నూరుకుంటూ కూర్చుంటే చిన్న పటం కూడా కొనేవాడికి అందని ధరకు పోతుంది. రంగు డబ్బాలోంచి వచ్చినంత మాత్రాన ఆ కళాకారుడు నకాషీ కాకుండా పోడు. శైలి అనేది గీతలోనూ, గడుల అమరికలోనూ, ముఖం తీర్చే పద్ధతిలోనూ ఉంటుంది.

సిద్దిపేటకు చెందిన కాపు రాజయ్య గారు (1925–2012) బోనాలనూ, పల్లె పనులనూ టెంపెరాలో (జిగురు పదార్థంలో కలిపిన నీటి రంగులతో) వేస్తూ, ఈ నకాషీ గీతను తన చిత్రాల్లోకి తెచ్చుకున్నారు. తోట వైకుంఠం గారి తెలంగాణ స్త్రీలు ఎర్రచీరలతో, పెద్ద బొట్లతో అక్రిలిక్‌లో ఎంత గట్టిగా నిలబడతారో మనందరం చూశాం. సరుకు మారినా నేల వాసన పోలేదు. బడి పిల్లలకు చింతగింజలు రుబ్బే పని పెట్టి, బొమ్మ వేయాలన్న ఉత్సాహాన్ని చంపవద్దని నా మనవి.

సుద్దముక్క

రంగులపెట్టె గారూ, కొనుక్కున్న రంగుల గురించి మీరన్నది నిజమే, దానితో నాకు పేచీ లేదు. నాకు నేర్పిన ఇంట్లోనూ పోస్టర్ రంగు సీసాలు ఉన్నాయి. కాని పోస్టర్ రంగు వేరు, అక్రిలిక్ వేరు. పోస్టర్ రంగు బంకతో కట్టినది, నీటికి కరుగుతుంది, ఆరితే సుద్దలా మెరుపు లేకుండా ఉంటుంది. అంటే అది పాత రంగుకు దగ్గరి చుట్టం. అక్రిలిక్ 1950ల నాటి సరుకు, ఆరగానే ప్లాస్టిక్ పొరగా మారుతుంది. సుద్ద పూత మీద ఆ పొర వేస్తే, కింది పూత గాలిలోని తేమను పీల్చి ఉబ్బినప్పుడు పైపొర దానితో పాటు కదలదు. ఇక మెరుపు సంగతి. ఎర్ర నేపథ్యం మెరిస్తే, పక్క నుంచి చూసేవాడికి బొమ్మ బదులు దీపం కనిపిస్తుంది.

పాత రంగుల పేర్లు కూడా ఇక్కడ రాసి పెడతాను, పిల్లలకు చెప్పడానికి పనికివస్తాయి. ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు పేవుడి, నలుపుకు దీపపు మసి, తెలుపుకు గవ్వలూ శంఖాలూ నూరిన పొడి, నీలానికి నీలిమందు, వీటిని కలపడానికి తుమ్మ బంక. ఒక హెచ్చరిక: ఇంగిలీకం పాదరసం కలిసిన ఖనిజం, పిల్లల చేతికి ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకూడదు. జాజు, గేరు వంటి మట్టిరంగులు చాలు.

రంగులపెట్టె

పొరల కదలిక గురించి మీరు చెప్పిన కారణం నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. అయితే బట్ట మీద సుద్ద పూత లేకుండా, అక్రిలిక్‌కే తగిన పూత పూసి దాని మీద వేస్తే పగలదు కదా? ఆ మార్గాన్ని ఎందుకు మూసేయాలి?

గోడపూత

నేను పాత చిత్రాలను పరిరక్షించే పనిలో ఉన్నాను, ఎక్కువగా గుడి గోడల మీది బొమ్మలతో నా సంబంధం. రంగులపెట్టె గారు చెప్పిన మార్గం సాధ్యమే, ఆ బట్ట మెత్తగా వంగుతుంది. కాని ముందు మాస్టారి పటానికి ఏమైందో నిర్ధారించుకోవాలి, అప్పుడే మందు చెప్పగలం.

మాస్టారూ, పాప కట్టిన ఆ పొట్లం విప్పి, ఒక్కో ముక్కను తిప్పి వెనకవైపు చూడండి. వెనక కూడా ఎరుపే ఉంటే, రంగు పూతను పట్టుకోలేదని అర్థం. వెనక తెలుపు ఉండి, దాని మీద బట్ట నేత అచ్చు పడి ఉంటే, పూతే బట్టను వదిలేసిందని అర్థం. తెల్లగా, గరుకుగా, అచ్చు లేకుండా ఉంటే పూత మధ్యలో విరిగింది, సుద్ద ఎక్కువై బంక చాలలేదు. మూడూ మూడు వేర్వేరు జబ్బులు.

డ్రాయింగు మాస్టారు

ఇప్పుడే భూతద్దంతో చూశాను. 31 ముక్కలు ఉన్నాయి. రెండు మూడు తప్ప అన్నిటికీ వెనకవైపు తెలుపు ఉంది, దాని మీద నిలువు, అడ్డం దారాల గుర్తులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ముక్క మందం కోడిగుడ్డు పెంకు కంటే ఎక్కువే ఉంది.

గోడపూత

అయితే మీ పూత బట్టలోకి దిగనే లేదు, పైన పెంకులా కూర్చుంది. కోరా బట్టను ఉతకకుండా వాడి ఉంటారు. మగ్గం మీద దారానికి పెట్టిన గంజి అందులో అలాగే ఉంటుంది. అది పూతను లోపలికి రానివ్వదు. బట్టను వేడినీళ్ళలో రెండుసార్లు ఉతికి ఆరబెట్టి, ఒక నీటిచుక్క వేసి చూడండి. చుక్క ముత్యంలా నిలబడితే గంజి ఇంకా ఉన్నట్టు, వెంటనే ఇంకిపోతే బట్ట సిద్ధమైనట్టు.

చుట్టే పద్ధతి కూడా మార్చుకోవాలి. సన్నని కర్రకు బిగుతుగా చుట్టవద్దు, కనీసం జానెడు మందమున్న అట్టగొట్టం మీద వదులుగా చుట్టండి. బొమ్మ లోపలికి కాకుండా బయటికి ఉండేలా చుట్టండి. చాలామంది బొమ్మను కాపాడాలని లోపలికి చుడతారు, దానివల్ల పూత ఒత్తుకుపోయి మడతలుగా లేచి ఊడుతుంది. బయటికి చుడితే సన్నని నెర్రెలు పడినా, విప్పి పరిచినప్పుడు అవి తిరిగి మూసుకుంటాయి. మధ్యలో మెత్తని బట్ట వేస్తే చాలు. గంజి, చింతగింజల జిగురు పురుగులకు ఇష్టమైన తిండి కాబట్టి బీరువాలో చెమ్మ లేకుండా చూసుకోండి. పుస్తకాలు కుట్టేవాళ్ళు తమ జిగురులో మైలుతుత్తం కలుపుతారు, కాని అది విషం, బడిలో వద్దు.

పూత అనేది బొమ్మకు ఎంత ముఖ్యమో లేపాక్షిలో తలెత్తి చూస్తే తెలుస్తుంది. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు పూనుకుని కట్టించిన వీరభద్రాలయం పైకప్పు మీద, రాతికి సున్నపు పూత పూసి, ఆ పూత మీద మట్టిరంగులతో బొమ్మలు వేశారు. ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ ఎక్కువ. ఘాటైన సున్నం మీద ప్రతి రంగూ నిలవదు, మట్టిలోంచీ మసిలోంచీ వచ్చిన రంగులు మాత్రం నిలుస్తాయి. ఆ గుడి పైకప్పుకు ఉన్న గంభీరమైన రంగుల పొందిక అందులోంచే వచ్చిందని నేను నమ్ముతాను. చీరల అంచులనూ, పొడవాటి టోపీలనూ చూడటానికి వెళ్ళేవాళ్ళు, రంగు ఊడినచోట కనిపించే తెల్లని పూతను కూడా ఒకసారి గమనించండి.

స్వర్ణముఖి

ఈ చర్చ చదువుతుంటే మా శ్రీకాళహస్తి కలంకారీ పని (కలంతో బట్ట మీద బొమ్మలు వేయడం) గుర్తుకు వచ్చింది. మా బట్ట చుట్టినా, మడిచినా, నీళ్ళలో ముంచినా ఏమీ కాదు. కారణం ఏమిటంటే, మా దగ్గర పూతే లేదు. రంగు బట్ట మీద కూర్చోదు, దారంలోకి వెళ్ళి అక్కడే పుడుతుంది.

ఎలాగో చెబుతాను. గాడా (ముతక నూలు) బట్టను బాగా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి పిండి ఆరబెడతాం. కరక్కాయలోని వగరు రంగును పట్టడానికి, పాలలోని కొవ్వు రంగు పాకిపోకుండా ఆపడానికి. చింతపుల్లలను కాల్చిన బొగ్గుతో ఆకారం గీసుకుంటాం. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీళ్ళలో రెండు మూడు వారాలు పులియబెట్టి తీసిన నీటిని కసిం అంటాం. వెదురు కలానికి మొన పైన ఉన్ని చుట్టి, దారంతో బిగించి, కసింలో ముంచి, ఉన్నిని వేలితో నొక్కుతూ గీత గీస్తాం. గీత వేసిన క్షణంలో అది పలుచని గోధుమ నీళ్ళలా ఉంటుంది. చూస్తూ ఉండగానే, రెప్ప వాల్చి తీసేలోగా, కరక్కాయను తాకి నల్లబడుతుంది. పాతికేళ్ళుగా చూస్తున్నా ఆ నల్లబడే క్షణం దగ్గర నా చేయి ఒక్కసారి ఆగుతుంది.

ఆ నలుపును చెరపడం ఎవరి వల్లా కాదు. అందుకే మాకు గీతే ప్రాణం. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళు పూస్తాం, అప్పటికి అక్కడ ఏమీ కనిపించదు. వేర్ల రంగులో ఉడకబెడితే పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది, మిగతాచోట పట్టిన మరకను పారే నీళ్ళలో ఉతికి, పేడనీళ్ళలో నానబెట్టి, ఎండలో తెలుపు చేస్తాం. పసుపు, నీలం తరువాత వస్తాయి. మచిలీపట్నం, పెడన వాళ్ళు ఇదే రసాయనాన్ని చెక్క అచ్చులతో నడుపుతారు, కాబట్టి వాళ్ళ పనిలో పువ్వులూ తీగలూ మళ్ళీ మళ్ళీ వస్తాయి, మా పనిలో రామాయణ భారతాలు నడుస్తాయి. 1950లలో మా దగ్గర ఈ పని అడుగంటుతున్న దశలో, కమలాదేవి చటోపాధ్యాయ గారి చొరవతో శిక్షణ కేంద్రం ఏర్పడకపోతే నేను ఈ నాలుగు మాటలు రాసేవాణ్ణి కాదు.

రంగులపెట్టె గారూ, ఒక్క విషయం. మార్కెట్లో కలంకారీ పేరుతో తెరముద్రణ (స్క్రీన్ ప్రింటింగ్) బట్టలు అమ్ముతున్నారు. చూడటానికి మా బొమ్మలే. మీరు చెప్పినట్టు శైలి అంటే గీత, అమరిక మాత్రమే అయితే, వాటిని కూడా కలంకారీ అనవలసి వస్తుంది. కలం పట్టనిది కలంకారీ ఎలా అవుతుంది?

రంగులపెట్టె

స్వర్ణముఖి గారూ, మీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. తెరముద్రణను నేను కలంకారీ అనను, అనలేను. అయితే చేత్తో, ఆ గీతనూ ఆ కథనూ తెలిసి అక్రిలిక్‌లో వేసిన పటాన్నీ, యంత్రంతో ముద్రించిన బట్టనూ ఒకే గాటన కట్టవద్దని మాత్రం కోరుతున్నాను. బహుశా "నకాషీ శైలిలో అక్రిలిక్ చిత్రం" అని స్పష్టంగా కింద రాస్తే కొనేవాడికీ, వేసినవాడికీ న్యాయం జరుగుతుంది. మాస్టారి పిల్లలు కూడా పటం కింద ఏ సరుకు వాడారో రాయాలని నా సూచన.

సుద్దముక్క

ఈ మాటకు నేను పూర్తిగా సమ్మతిస్తున్నాను.

తడికాగితం

రాజమహేంద్రవరం నుంచి ఒక చిన్న చేర్పు. ఇప్పటిదాకా అపారదర్శకమైన రంగులూ, అద్దకాలూ చర్చకు వచ్చాయి. నీటిరంగుల్లో తెలుపును సాధారణంగా డబ్బాలోంచి తీయరు, కాగితమే తెలుపు. ఎక్కడ వెలుగు కావాలో అక్కడ కాగితాన్ని తాకకుండా వదిలేయాలి. నకాషీ కళాకారుడు తెల్లని చుక్కను చివర్లో పెడతాడు, నీటిరంగుల చిత్రకారుడు ఆ చుక్కను మొదటి నిమిషంలోనే మనసులో దాచుకోవాలి. బొమ్మ గురించిన ఆలోచనే తలకిందులవుతుంది.

వాష్ పద్ధతి మరీ ప్రత్యేకం. పలుచని రంగు పూసి, ఆరిన తరువాత కాగితాన్ని నీళ్ళలో ముంచి, మళ్ళీ పూసి, మళ్ళీ ముంచి, ఇలా అనేకసార్లు చేస్తే ఉదయపు మంచులాంటి మసక వస్తుంది. 1903లో కలకత్తా వచ్చిన జపాను చిత్రకారులు కాగితాన్ని కుంచెతో తడపడం చూసి, అవనీంద్రనాథ్ టాగూర్ కాగితాన్నే నీళ్ళలో ముంచడం మొదలుపెట్టారు. ఆ గాలి మన దాకా వచ్చింది. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార్ చటోపాధ్యాయ దగ్గర అడివి బాపిరాజు గారు నేర్చుకున్నారు, కొండపల్లి శేషగిరిరావు గారు శాంతినికేతన్ వెళ్ళి నందలాల్ బోస్ దగ్గర చదువుకున్నారు. మా ఊరి దామెర్ల రామారావు గారు (1897–1925) బొంబాయి జె.జె. కళా పాఠశాలలో చదివినా, తెలుగు మనుషుల ఒంటి తీరునూ, గోదావరి వెలుతురునూ తన రంగుల్లోకి తెచ్చుకున్నారు. ఇరవై ఎనిమిదో ఏటనే మశూచి ఆయనను తీసుకుపోయింది. ఇక్కడి చిత్రశాలలో ఆయన చిత్రాల ముందు నిలబడినప్పుడు, పలుచని రంగు కింద కాగితం ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. రంగుల పెట్టె ఎక్కడిదైనా చూపు మనదైతే చాలు అనే మాటకు ఆయనే సాక్ష్యం అనుకుంటాను, అయితే ఆయన నీటిరంగుల నడతను ఎదిరించలేదు, దాని దారిలోనే నడిచారు.

డాలస్ తెలుగు

ఇక్కడ చింతగింజలు దొరకడం కష్టంగా ఉంది, గింజ తీసిన చింతపండే అమ్ముతున్నారు. చలికాలంలో ఇంట్లో వేడిగాలి యంత్రం నడిచినప్పుడు, ఊరి నుంచి తెచ్చుకున్న నా చిన్న పటం అంచుల్లో లేస్తోంది. ఏం చేయాలి?

గోడపూత

పొడిగాలి వల్ల పూత బిగుసుకుని లేస్తోంది. వేడిగాలి వచ్చే రంధ్రానికీ, వంటింటికీ, బయటి గోడకూ దూరంగా, అద్దం పటానికి తగలకుండా మధ్యలో అంచు పెట్టించి చట్రంలో బిగించండి. లేచిన అంచును మీరే జిగురు పెట్టి నొక్కవద్దు, ఆ ముక్క విరుగుతుంది. కొత్త పటాలు వేయాలనుకుంటే గోధుమపిండి జిగురుతో చిన్న గుడ్డముక్క మీద ప్రయత్నించవచ్చు, చింతగింజంత మెత్తదనం రాకపోయినా పలుచగా పూస్తే నిలుస్తుంది.

డ్రాయింగు మాస్టారు

రెండు నెలల తరువాత మళ్ళీ రాస్తున్నాను. ఆలస్యానికి మన్నించగలరు.

బట్టను వేడినీళ్ళలో మూడుసార్లు ఉతికాం. మొదటి రెండుసార్లూ నీటిచుక్క నిలబడింది, మూడోసారి ఇంకింది. చింతగింజలు రుబ్బితే ఉత్సాహం చచ్చిపోతుందని రంగులపెట్టె గారు భయపడ్డారు గాని, మా పిల్లలకు అన్నిటికంటే నచ్చిన పని అదే అయింది. ఇంటింటా చింతపండు గింజలు పోగుచేసి తెచ్చారు. మధ్యాహ్న భోజనం వండే అమ్మలు వేయించి ఇచ్చారు, రోలు కూడా వాళ్ళదే. ఒక అమ్మ తన చిన్నతనంలో వాళ్ళ ఊరికి పటం కథ చెప్పేవాళ్ళు వచ్చేవారనీ, రాత్రంతా మేలుకుని చూసేవాళ్ళమనీ చెప్పారు. పిల్లలు ఆ కబురును పలకల మీద రాసుకున్నారు.

మొదట ముందుజాగ్రత్తగా జానెడు గుడ్డముక్కలు అయిదు తయారు చేసి, జిగురు, సుద్ద పాళ్ళు మార్చి పూసి, ఆరాక వంచి చూశాం. జిగురు ఒక వంతుకు సుద్ద మూడు వంతులు వేసినది చేతికి పొడిగా అంటింది. సుద్ద ఒకటిన్నర వంతు వేసి, బంక నీళ్ళు ఒక్క చెంచా చేర్చినది తోలులా వంగింది. ఆ పాళ్ళతోనే మూడు పలుచని పూతలు పూశాం. వాన ముసురు వల్ల రెండో పూత ఆరడానికి రెండు రోజులు పట్టింది. ఆరిన తరువాత నున్నని గులకరాయితో మెల్లగా రుద్దాం. ఎరుపుకు గేరు మట్టినే నూరి, తుమ్మ బంకలో కలిపాం. డబ్బా ఎరుపంత ఘాటు రాలేదు, కొంచెం ఇటుక రంగు. నాకు మాత్రం చెరువుగట్టు కథకు అదే తగినదనిపించింది. నీలం మాత్రం పోస్టర్ రంగే వాడాం. ఆ సంగతి పటం కింద రాశాం.

అట్టగొట్టం మీద బొమ్మ బయటికి ఉండేలా చుట్టి, మూడు వారాలకు విప్పి చూశాం. బతుకమ్మ గడి దగ్గర జుట్టంత సన్నని నెర్రె ఒకటి ఉంది. పరిచి, పక్కనుంచి వెలుతురు పడేలా చూస్తే తప్ప కనపడదు. ఏ ముక్కా ఊడలేదు. పాత పొట్లంలోని ముక్కలను అతికించడం కుదరదని పాపకు చెప్పాను. ఆ ముక్కలనే నూరి బంకలో కలిపి, ఈ పటం అంచుకు రంగు వేయవచ్చా అని తను అడుగుతోంది. వాటిలో పోస్టర్ రంగూ, చాకూ, తెల్ల జిగురూ కలిసి ఉన్నాయి. అలా చేయవచ్చా?

సుద్దముక్క

చాలా సంతోషం మాస్టారూ. ఆ తెల్ల జిగురు ఒకసారి ఆరితే మళ్ళీ నీళ్ళలో కరగదు, ఎంత నూరినా పలుకులుగానే మిగులుతుంది, అంచు గరుకుగా వస్తుంది. అయితే పటాన్ని చుట్టే గొట్టానికి రంగు వేయడానికి ఆ గరుకుదనం అడ్డు కాదు. మెత్తగా నూరి, గుడ్డలో జల్లించి, బంక కాస్త ఎక్కువ కలిపి గొట్టం రెండు కొసలకూ పూయమనండి. బాగా ఆరిన తరువాతే పటం చుట్టండి, తడిగా ఉంటే వెనకవైపు బట్టకు అంటుకుంటుంది.